సున్న వస్తుంది

ఏం ఉద్యోగం చేస్తున్నావని ఎవరైనా అడిగితే ఆ రోజుల్లో నాకు ఒళ్లు మండేది. చెప్పినా ఎవరికీ అర్థమయ్యేది కాదు మరి. తొంభైల మధ్యలో మహబూబ్‌నగర్‌లో, గడియారం చౌరస్తాకు దగ్గర్లో, ఒక దర్జీ దుకాణం మీది అంతస్తులో మా ఆఫీసు ఉండేది. ఆఫీసంటే రెండు కంప్యూటర్లు, ఒక ప్రింటరు, ఒక బీరువా, మా సారు, నేను. తెలుగులో టైపు చేసుకోవడానికి మా సారు ఒక ఎడిటర్ ప్రోగ్రాం సొంతంగా తయారు చేశాడు. దాని కడుపులో ఒక చిన్న భాష కూడా పెట్టాడు. ఆ భాషలో నాలుగు వరుసలు రాసి ఇస్తే చాలు, మనిషి రోజంతా కూర్చుని చేసే దిద్దుబాట్లు ఎడిటరే చేసి పెడుతుంది. ఆ భాషలో ఏ మాటకు ఏ పని జరుగుతుందో తెలుగులో పుస్తకంగా రాయడం నా ఉద్యోగం.

"మీ బిడ్డ ఏం చేస్తాంది?" అని వాడకట్టులో అడిగితే మా నాయిన "కంప్యూటర్ల పుస్తకం రాస్తాంది" అనేవాడు. "కథల పుస్తకమా?" అని వాళ్లు మళ్లీ అడిగేవాళ్లు. నాయిన నా మొహం చూసేవాడు. నేను లోపలికి పోయేదాన్ని.

నాయిన నేతపని మనిషి. కళ్లు మసకబారి మగ్గం మానేశాక, కిరాయి ఇంట్లో నా దగ్గరే ఉండేవాడు. మూడో తరగతి దాకా చదివాడు. పుస్తకంలో ఏ వాక్యం రాసినా సాయంత్రం అన్నం తినేముందు ఆయనకు చదివి వినిపించేదాన్ని. ఆయనకు సమజైతే ఉంచేదాన్ని, లేకపోతే కొట్టేసేదాన్ని. ఇది నేను సొంతంగా పెట్టుకున్న పరీక్ష. దీని మీద నాకు గర్వం తక్కువేమీ లేదు. ఇంగ్లిషు పుస్తకాలు ముందేసుకుని ఎవరికీ అర్థంకాని తెలుగు రాసే పండితులంటే నాకు మంట.

మొదటి రోజే మా సారు రాసిచ్చిన చిత్తుకాగితం నాయినకు చదివాను. పైన 'అక్షర సముదాయ ఫంక్షన్లు' అని ఉంది.

"ఎవలింట్ల బిడ్డా ఫంక్షను?" అన్నాడు నాయిన, చెవి నా వైపు తిప్పి.

ఆయన తప్పేముంది! మా దిక్కు ఫంక్షన్ అంటే పెండ్లో, పుట్టువెంట్రుకలో, దావత్తో. అక్షరాలకు దావత్ ఏమిటని నవ్వుకుని, మర్నాడు పోయి ఆ మాట కొట్టేసి 'కమాండ్లు' అని రాశాను. సముదాయం కొట్టేసి 'గుంపు' అని రాశాను. మా సారు చూసి "అక్షరాల గుంపేందమ్మా, మేకల గుంపు లెక్క?" అన్నాడు. మేకలనైనా గుంపు అంటే అందరికీ తెలుస్తుంది కదా సార్ అన్నాను. ఆయన నెత్తి పట్టుకున్నాడు.

ఆ అధ్యాయంలో ఉన్న విషయం ఇంతే. కంప్యూటరుకు అక్షరం తెలియదు, అంకె మాత్రమే తెలుసు. అ ఒక అంకె, క మరొక అంకె. ఏ అంకె ఏ అక్షరమో రాసిపెట్టుకున్న జాబితానే నేను గుంపు అన్నాను. అప్పట్లో ఒక్కో కంపెనీకి ఒక్కో గుంపు. ఒకరి గుంపులో క ఉన్న అంకె దగ్గర ఇంకొకరి గుంపులో ళ ఉండేది. అందుకని ఒక ప్రోగ్రాంలో కొట్టిన కాగితం ఇంకొకదాంట్లో తెరిస్తే ఏ భాషో తెలియని రాతలు కనబడేవి. ఈ తంటా తీర్చడానికి మా ఎడిటర్లో ఏడెనిమిది కమాండ్లు ఉండేవి. ఈ అక్షరం ఏ గుంపుదని అడగడానికి ఒకటి, ఫలానా పేరుతో అసలు గుంపు ఉందా అని అడగడానికి ఒకటి, ఒక గుంపులో ఉన్న అక్షరానికి ఇంకో గుంపులో అంకె ఎంతని అడగడానికి ఒకటి. ఒక్కోదానికి ఏమివ్వాలి, ఏం జవాబు వస్తుంది, రాకపోతే ఏమవుతుంది అని మూడు ముక్కలు నేను రాయాలి.

మొదటి రెండు ముక్కలకు ఇబ్బంది లేదు. మూడో ముక్క దగ్గర సారుకూ నాకూ లడాయి అయింది. అడిగిన అక్షరం ఆ గుంపులో లేకపోతే ఆ కమాండ్ ఏ జవాబూ ఇవ్వదు. ఆ ఏమీ లేకపోవడాన్ని తెలుగులో ఏమనాలి?

"శూన్యం అని రాయి" అన్నాడు సారు.

"శూన్యమంటే ఎవలకు సమజైతది సార్? సున్న అని రాస్త."

"సున్న అంటే అంకె అయితది. గిది అంకె గాదమ్మా, ఏం లేకపోవుడు."

"ఏం లేకపోవుడునే గదా సార్ సున్న అంటరు! ఇంట్ల బియ్యం సున్న అంటే ఏమున్నట్టు?"

"నీతోని వాదన పెట్టుకుంటే నాకు బీపీ వస్తది. రాసుకో పో."

నేనే గెలిచాను. 'అడిగిన అక్షరం ఆ గుంపులో లేకపోతే సున్న వస్తుంది' అని రాశాను. ఆ సాయంత్రం నాయినకు చదివి వినిపిస్తే "గిది మంచిగ సమజైంది" అన్నాడు. పోగులు లెక్కపెట్టి బతికిన మనిషి, సున్న అంటే ఆయనకు లెక్కే. ఇంకెవరికైనా ఇంకోలా వినబడుతుందేమోనన్న అనుమానం నాకు రవ్వంత కూడా రాలేదు.

పుస్తకం తయారయ్యాక, ఊళ్లో ఒక ఆఫీసువాళ్లు మా ఎడిటర్ తీసుకున్నారు. ఏ ఆఫీసో చెప్పను. వాళ్ల టైపిస్టును రెండు రోజులు నేర్చుకోవడానికి మా దగ్గరికి పంపారు. ఆయనకు యాభై దాటాయి. ముప్పై ఏళ్లుగా తెలుగు టైపు మిషన్ మీద పనిచేసిన మనిషి. ఇంట్లో ఉర్దూ, ఆఫీసులో తెలుగు. కంప్యూటర్ ముందు కూర్చునే ముందు జేబురుమాలు తీసి మీటలన్నీ ఒకసారి తుడిచేవాడు. నేను చాచా అనేదాన్ని, ఆయన నన్ను బిడ్డా అనేవాడు, అప్పుడప్పుడు బేటీ అనేవాడు.

అన్నేళ్లు చేసినా ఆయనది పర్మినెంట్ నౌకరీ కాదు. ఏడాదికోసారి నియామకం ఆర్డర్ మళ్లీ మళ్లీ ఇస్తూ వచ్చారు. ఈసారి టైపు మిషన్లు తీసేస్తున్నారు. కంప్యూటర్ పని వస్తే ఉంచుతామని, రాకపోతే ఇంటికేనని చెప్పేశారు. ఆ మాట ఆయనే నవ్వుతూ చెప్పాడు. "ఇద్దరు బిడ్డలున్నరు, ఇంకా సదువుతున్నరు. యాభై దాటినంక నేను సుత సదువుకోవాల్నని అల్లా రాసిండు" అన్నాడు. నవ్వుతూనే జేబురుమాలు తీసి, తుడిచిన మీటలనే మళ్లీ తుడిచాడు.

పుస్తకం చేతికివ్వగానే బడిపిల్లల్లా దానికి పాత పేపరుతో అట్ట వేసుకున్నాడు. చదివిన వరుసకల్లా పక్కన పెన్సిలుతో చిన్న గీత. దాని మీద రాసినవాళ్ల పేరు లేదు. మా సారు వేయలేదు, నేనూ అడగలేదు, రాసింది నేనని చాచాకు చెప్పనూ లేదు.

ఆయనకు మొదట అప్పగించిన పెద్దపని ఇళ్ల జాగాల జాబితా. ఊళ్లో జాగా మంజూరైనవాళ్ల పేర్లన్నీ అంతకుముందు పట్నం నుంచి వచ్చిన ఇంకో కంపెనీ ప్రోగ్రాంలో ఎక్కించి ఉన్నాయి. వాటిని మా ఎడిటర్లోకి మార్చి, అచ్చు తీసి, ఆఫీసు గోడకు అంటించాలి. ఆ పట్నం కంపెనీవాళ్లు ఉర్దూ పేర్ల కోసమని జ, ఖ, ఫ అక్షరాల కింద చుక్క పెట్టినవి మూడు తమ గుంపులో వేరుగా పెట్టుకున్నారు. మా సారు గుంపులో అవి లేవు. నాకు ఆ సంగతి కూడా అప్పటికి తెలియదు.

కొన్ని వారాల తర్వాత, ఒక పొద్దున నేను ఆఫీసు తాళం తీస్తుంటే చాచా మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. చంకలో అట్ట వేసిన పుస్తకం. మొహం పీక్కుపోయి ఉంది.

"ఏమైంది చాచా?"

"బిడ్డా, జర ఒక్క వరుస సమజ్ చేసి చెప్పు. నేను సదివినదాంట్ల ఎక్కడ్నో గల్తీ ఉన్నది."

లోపల కూర్చోబెట్టి మంచినీళ్లు ఇచ్చాను. ముందు జేబులోంచి ఒక కాగితం తీసి నా ముందు పెట్టాడు. ఆఫీసువాళ్లు ఇచ్చిన మెమో. జాబితా పాడుచేసినందుకు నిన్ను పనిలోంచి ఎందుకు తీసెయ్యకూడదో జవాబు చెప్పుకోమని. ఆ తర్వాత జాబితా తీశాడు. సగం పేర్ల ముందు అక్షరం లేదు, అక్షరం ఉండాల్సిన చోట గుండ్రంగా సున్న. కంబళిలో, పందిరిలో పక్క అక్షరానికి అంటిపెట్టుకుని ఉండే సున్న. అది పేరు మొదట్లో ఒంటరిగా కూర్చుని ఉంది. పేరు మధ్యలో ఉన్నచోటైతే పేరే మారిపోయింది. అలా పాడైనవన్నీ ముస్లింల పేర్లే.

"ఎట్లయింది చాచా?"

"కమాండ్ ఇచ్చిన. మంచిగనే మారినయి. కానీ కొన్ని జాగాలల్ల అక్షరం రాలే, ఖాళీ వచ్చింది. కితాబు సూసిన. 'అక్షరం ఆ గుంపులో లేకపోతే సున్న వస్తుంది' అని రాసుంది. మరి సున్న ఏది? రాలే. మిషన్ల ఏదో ఖరాబ్ ఉండి సున్న ఇడిసిపెట్టింది అనుకున్న. రెండు రోజులు కూసొని ఖాళీ ఉన్నకాడికల్ల నేనే సున్నలు పెట్టిన."

నేను జాబితా మళ్లీ చేతిలోకి తీసుకున్నాను. ఆయనే మళ్లీ అన్నాడు.

"తెలుగుల సున్నతోని ఏ మాటా సురువు గాదని నాకెరుకే బేటీ. ముప్పై ఏండ్ల సంది కొడుతున్న, గంత సుత తెల్వదా? కంప్యూటర్ల కొత్త ఖాయిదా ఉందేమో అనుకున్న. నా పేరు సుత ఉన్నది అండ్ల, సూడు. నా పేరుకు సుత పెట్టుకున్న. కితాబుల ఉన్నది గద."

చూశాను. ఆయన పేరు మొదట్లో కూడా సున్న. తన చేత్తో తానే పెట్టుకున్నది.

జాబితా గోడకు అంటించిన రోజే మొహల్లావాళ్లు ఆఫీసు మీదికి వచ్చారట. మా జాగాలు పోయినట్టేనా అని ఆడవాళ్లు ఏడ్చారట. మనోడివై ఉండి మనోళ్ల పేర్లే ఖరాబ్ చేస్తివి గదా అని చాచాను నిలదీశారట. ఆయన ఇదంతా గొంతు పెంచకుండా చెప్పాడు. ఆఖరుకు పుస్తకం తెరిచి, పెన్సిల్ గీత ఉన్న వరుస మీద వేలు పెట్టాడు.

"రాసినోళ్లు శానా సదువుకున్నోళ్లయి ఉంటరు. ఆళ్లు గల్తీ రాయరు. నేనే సమజ్ చేసుకోలే. దీని మతలబ్ ఏందో చెప్తివా అంటే, నాది గల్తీ అయిందని జవాబు రాసిచ్చి కాళ్లో వేళ్లో పట్టుకుంట."

ఇక్కడ చెప్పడానికి సిగ్గుపడే విషయం ఒకటుంది. రాసింది నేనే చాచా అని ఆ క్షణాన చెప్పలేదు. నాలుక దాకా వచ్చింది, మింగేశాను. ఉద్యోగం పోతుందని భయం, అంతకంటే ఎక్కువగా ఆయన ముందు తల కొట్టేసినట్టయింది. "సున్న అంటే ఇక్కడ ఏమీ రాదని చాచా, ఖాళీ అని" అని మాత్రం చెప్పాను. ఆయన చేత్తో నుదురు కొట్టుకుని "అరె, గంతేనా! నా అఖల్ ఏడబోయింది" అన్నాడు. నాకు షుక్రియా చెప్పి మెట్లు దిగి పోయాడు.

సారుకు చెప్పాను. ఆయన నిండా పరేషాన్ అయ్యాడు కానీ, "చుక్క అక్షరాలు ఇప్పుడే ఎక్కిస్త, జాబితా ఫ్రీగ మార్చిద్దాం. తప్పు మనదని మాత్రం ఎక్కడ అనకు. గీ ముచ్చట బయటపడితే ఇంకొక్క ఆఫీసోడు మనల్ని మెట్లెక్కనియ్యడు" అన్నాడు. ఆయన బాధ ఆయనది. ఇల్లు తాకట్టు పెట్టి ఆ ప్రోగ్రాం రాశాడు.

సాయంత్రం నాయినకు అంతా చెప్పాను. ఆయన పంచె అంచు వేళ్లతో తడుముకుంటూ విన్నాడు. తర్వాత, "చీరెల పోగు తప్పితె నేసినోళ్లు ఒప్పుకోవాలె. కట్టుకున్నామెది తప్పని ఎవలన్న అంటరా బిడ్డా?" అన్నాడు. నాకు కోపం వచ్చింది. నీకు అర్థమైందని చెప్తేనే కదా ఆ వాక్యం ఉంచానని ఆయన మీద అరిచాను. "నాకు సమజైంది నాకు సమజైనట్టు" అన్నాడు నాయిన. ఆ రోజు నేను అన్నం తినలేదు.

మూడో రోజు పొద్దున సారుకు చెప్పకుండా ఆ ఆఫీసుకు పోయాను. అధికారి కోస్తా జిల్లాల మనిషి, మంచివాడని పేరు. చాచా అప్పటికే తలుపు పక్కన చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. చేతిలో తప్పు ఒప్పుకుంటూ రాసిన కాగితం.

"సార్, తప్పు ఆయనది కాదు. పుస్తకంలో రాసినట్టే చేసిండు. ఆ పుస్తకం రాసింది నేను" అన్నాను.

ఆయన చాచా దగ్గర పుస్తకం తీసుకుని ఆ వాక్యం పైకి చదివాడు. "గుంపేంటమ్మా, గుంపు? జాతరా?" అని ముందు నవ్వాడు. తర్వాత ఇంకోసారి చదివాడు. నవ్వు ఆగిపోయింది. "సున్న వస్తుంది... నేనైనా ఇలాగే అనుకునేవాణ్ణేమోనమ్మా" అన్నాడు. ఒక తెల్లకాగితం, పెన్ను నా ముందుకు తోశాడు. రాయమన్నాడు. పుస్తకంలో వాక్యం రెండర్థాలకు తావిచ్చేలా ఉందని, రాసింది నేనేనని, టైపిస్టు పుస్తకాన్ని నమ్మి పనిచేశాడని, కొత్త జాబితా మేమే ఇస్తామని రాసి సంతకం పెట్టాను. చాచా చేతిలోని కాగితం ఆయన తీసుకుని చింపేశాడు. మెమో తిరిగి తీసుకున్నాడు.

చాచా నన్నే చూస్తూ నిలబడ్డాడు. ఆ చూపు కోపమని అప్పుడు అనుకున్నాను.

మా సారు వారం రోజులు నాతో మాట్లాడలేదు. ఉద్యోగంలోంచి మాత్రం తియ్యలేదు. చుక్క అక్షరాలు మూడూ మా గుంపులో చేరాయి, జాబితా మళ్లీ గోడకెక్కింది, ఎవరి పేరు వారికి దక్కింది. మిగిలిన పుస్తకాలన్నిట్లో ఆ వాక్యం మీద నేనే కూర్చుని చీటీలు అంటించాను. చీటీ మీద 'ఏమీ రాదు, ఆ చోటు ఖాళీగా ఉంటుంది' అని ఉంటుంది. చాచా ఆర్డర్ ఇంకో ఏడాదికి వచ్చిందని విన్నాను. కబురు విన్న రోజు నాయినకు చెప్పి ఏడ్చాను కూడా.

రంజాన్ పండుగ మర్నాడు చాచా టిఫిన్ డబ్బాతో మెట్లెక్కి వచ్చాడు. షీర్‌ఖుర్మా, పాలల్లో వండిన పండుగ సేమ్యా. సారుకొక గిన్నె, నాకొక గిన్నె పోశాడు. కింద నుంచి ఎవరో పిలిస్తే సారు దిగిపోయాడు. అప్పుడు చాచా కుర్చీ నా దగ్గరికి జరుపుకుని, గొంతు తగ్గించి అన్నాడు.

"బేటీ, ఆ దినం నువ్వు నా కోసం అబద్ధమాడినవ్. ఆ దినం చెప్పలేకపోయిన, నాకు ఏడుపొచ్చింది."

"అబద్ధం కాదు చాచా. నిజంగనే నేను రాసిన."

"ఆ, నువ్వే రాసినవ్ తియ్" అన్నాడు, చిన్నపిల్లను సముదాయించినట్టు. "గంత కితాబు రాసే ఉమర్ గాదు నీది, గంత వయసేడిది? మెట్ల మీద కూసొని నేను అడిగిన దినం, నువ్వే రాసి ఉంటే చెప్పకపోదువా? నీ గుణం నాకు తెల్వదా?"

ఆ రోజు చెప్పకుండా ఊరుకున్నాను కదా. అదే ఆయనకు సాక్ష్యమైంది.

"ముస్లిం ముసలాయన నౌకరీ పోతదని, నీది కాని గల్తీ మీదేసుకున్నవ్. అబద్ధం అబద్ధమే, గునాహే, పాపమే. అందుకని నెలంతా రోజా ఇడిసేటప్పుడు దువా చేసిన. యా అల్లా, ఆ పిల్ల అబద్ధాన్ని మాఫ్ చెయ్యి, అది నా కోసం ఆడింది అని."

గిన్నె నా చేతిలోనే ఉంది. ఇంకోసారి నోరు తెరిచి, చాచా నిజం చెప్తున్నా వినమని అందామనుకున్నాను. ఆయన మొహం చూస్తే ఎంత చెప్పినా నమ్మేటట్టు లేడు. నెల రోజులు ఆకలితో ఉండి, నేను నా బతుకులో సంతకం పెట్టి చెప్పిన ఒకే ఒక్క నిజానికి ఆయన మాఫీ అడిగాడు. మాఫీ కావలసింది మాత్రం ఆయన పుస్తకం తెచ్చిన పొద్దున నేను మింగేసిన మాటకు. అది ఆయన ఎప్పటికీ అడగడు.

"ఆమీన్ చాచా" అన్నాను.